తన్ను తగ్గిన తూటా

శంకర్‌పల్లి నుంచి ఎద్దుమైలారం ఎంతో దూరం లేదు. 1984లో అక్కడ పెట్టిన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీని ఇప్పటికీ మెదక్ ఫ్యాక్టరీ అనే అంటారు. జిల్లా మాత్రం సంగారెడ్డి అయిపోయింది. అందులో తయారయ్యే సారథ్ యుద్ధవాహనం మీది ఫిరంగి 30 మిల్లీమీటర్లది. అదే శంకర్‌పల్లి నుంచి నగరం వైపు వెళితే గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో షూటింగ్ రేంజ్ వస్తుంది. అక్కడ పిస్టల్ పట్టిన పిల్లలు కాల్చే తూటా 5.6 మిల్లీమీటర్లది. ఫిరంగుల గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు ఆ చిన్న తూటా వర్గం మీదే ఆసక్తి. కాగితం మీద చిల్లు పెట్టడం తప్ప దానికి వేరే పని లేదు. ఆ ఒక్క పనికోసం దాన్ని వీలైనంత మెత్తగా పేల్చాలని నూరేళ్లకు పైగా మనుషులు బల్లల ముందు కూర్చుని కుస్తీ పట్టారు.

పేలిన తుపాకీ ఏదైనా వెనక్కి తంతుంది. 1786లో ఫ్రెంచి సేనాని రేమండ్ రెండో నిజాం కోసం హైదరాబాద్‌లో ఫిరంగులు పోత పోయించాడు. ఆ చోటే నేటి గన్‌ఫౌండ్రీ. ఫిరంగి తన్నితే చక్రాల బండి వెనక్కి దొర్లుతుంది, అంతే. పిస్టల్‌కు బండి లేదు, మణికట్టే దిక్కు. తన్ను వల్ల గొట్టం పైకి లేవడం ఒక ఇబ్బంది. అంతకన్నా పెద్దది, తన్నుతుందని ముందే తెలిసిన చెయ్యి పేలుడుకు క్షణం ముందే బిగుసుకోవడం. గురి అక్కడే చెడుతుంది.

ఒకప్పుడు స్వయంగా మందు నింపుకోనివాడు తుపాకీ పేల్చనేలేడు. నాటు తుపాకీకి మందు కొలిచి గొట్టంలో పోసి, పీచో గుడ్డపేలికో కుక్కి, సీసపు గుండు దిగ్గొట్టాల్సిందే. మందు తగ్గిస్తే తన్ను తగ్గుతుందని ప్రతి వేటగాడికీ చేతి అనుభవమే. ఇత్తడి గొట్టంలో మందు, గుండు, నిప్పురవ్వ పుట్టించే ప్రైమర్ అన్నీ కలిసొచ్చే తూటా వచ్చాక ఆ కొలత ఫ్యాక్టరీ చేతికి పోయింది.

ఆ కొలతను తిరిగి మనిషి చేతికి తెచ్చింది ప్రైమరే. 1860ల్లో అమెరికావాడైన బెర్డాన్, ఇంగ్లండువాడైన బాక్సర్ చెరో రకం ప్రైమర్ చేశారు. బాక్సర్ రకానికి ఇత్తడి గొట్టం అడుగున నట్టనడుమ ఒకటే రంధ్రం ఉంటుంది. సన్నని ఊచతో పొడిస్తే వాడేసిన ప్రైమర్ ఊడొస్తుంది. బెర్డాన్ రకానికి పక్కలకు రెండు చిన్న రంధ్రాలు కాబట్టి ఆ ఊచ పనిచేయదు. చిత్రం ఏమిటంటే అమెరికా ఇంగ్లీషువాడి పద్ధతికీ, యూరప్‌లో చాలా భాగం అమెరికావాడి పద్ధతికీ మొగ్గాయి. ఖాళీ తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకునే అలవాటు అమెరికాలో అంతగా పాకడానికి ఆ ఒక్క రంధ్రం పెద్ద కారణం. 1884లో జాన్ బార్లో అక్కడ ఐడియల్ కంపెనీ పెట్టి, పట్టకారులాంటి చేతి పనిముట్లు అమ్మాడు. 1890ల చివర్లో బుల్స్‌ఐ అనే పొగరాని మందు వచ్చింది. చిటికెడు చాలు, గబుక్కున మండుతుంది. పొట్టి గొట్టం పిస్టల్‌కు అదే కావాలి.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. రివాల్వర్‌కు ఎంత మెత్తని తూటా పెట్టినా ఫరవాలేదు, చక్రాన్ని తిప్పేది వేలే కదా. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌ను నడిపేదే తన్ను. ఆ తన్నుతోనే పిస్టల్ పైభాగం, అంటే స్లైడ్, వెనక్కి జరుగుతుంది, ఖాళీ ఇత్తడిని బయటికి విసురుతుంది. స్ప్రింగు దాన్ని ముందుకు నెడితే మేగజైన్‌లోంచి కొత్త తూటా ఎక్కుతుంది. తన్ను మరీ తగ్గిందా, స్లైడ్ సగం దూరం వెళ్లి ఇరుక్కుంటుంది. అంటే మనిషికి వద్దనిపించేదే యంత్రానికి ఆహారం. మెత్తని తూటా చరిత్రంతా ఈ ఇద్దరి మధ్య బేరసారాలే.

ఆ బేరం అమెరికాలోని ఒహాయో రాష్ట్రం క్యాంప్ పెరీలో ముదిరింది. 1907 నుంచి అక్కడ జాతీయ పోటీలు జరిగాయి. అక్కడి పిస్టల్ పోటీకీ బుల్స్‌ఐ అనే పేరు. అందులో .22 అంగుళాల పిస్టల్‌తో (అదే 5.6 మిల్లీమీటర్లది) పాటు సైన్యపు .45 కూడా కాల్చాలి. పది సెకన్లలో అయిదు తూటాలు, పాతిక గజాల దూరం, ఒంటి చేత్తో! 1911లో సైన్యం తీసుకున్న ఆ .45 గుండు దాదాపు 15 గ్రాములు. యుద్ధానికి మంచిదే, కాగితానికి దండగ. షూటర్లు గుండును 12 గ్రాములకు దించారు, మందు తగ్గించారు, ఆ తగ్గిన తన్నుకు సరిపడా మెత్తని స్ప్రింగు వేయించారు. తూటా, స్ప్రింగు జోడీగా కుదరాలి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే పిస్టల్ మొరాయిస్తుంది.

మొన లేని గుండు కూడా ఆ దారిలోదే. గుండ్రటి మొన కాగితాన్ని చింపుతుంది. ముందు భాగం చదునుగా ఉంటే బిళ్ల కోసినట్టు శుభ్రమైన చిల్లు పడుతుంది. మార్కుల గీతకు చిల్లు తగిలిందా లేదా అన్న తగువుండదు. 1961లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన మోడల్ 52 పిస్టల్ ఈ చదును గుండు తూటాలనే తింటుంది, అదీ మేగజైన్‌కు అయిదే. ఒకే పనికి పుట్టిన ఇలాంటి మొండి పనిముట్లంటే నాకు ముచ్చట.

మెత్తదనానికి హద్దు ఉండాలని పోటీలు పెట్టేవాళ్లకూ తోచింది. 1976లో ఏర్పడ్డ అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య (ఐపీఎస్‌సీ) పోటీల్లో గుండు బరువును వేగంతో గుణించి ఒక అంకె తీస్తారు, దానికి కనీస పరిమితి ఉంది. అది దాటకపోతే మార్కులే లేవు.

మన దగ్గర ఈ బల్ల పని వేళ్లూనలేదు. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం తూటా తయారీకి లైసెన్సు కావాలి. నీలగిరుల్లోని అరువంకాడులో 1904 నుంచి కార్డైట్ మందు తయారైనా అది సర్కారు సరుకే. అయినా 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో మన షూటర్ జస్పాల్ రాణా సెంటర్ ఫైర్ (ప్రైమర్ నడుమ ఉండే తూటా) పిస్టల్‌లో స్వర్ణం గెలిచాడు. ఆ విభాగంలో ప్రపంచమంతా ఎక్కువగా వాడేది ఆరు గ్రాముల పైచిలుకు చదును గుండు ఉన్న .32 తూటా.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ విభాగం 25 మీటర్ల పిస్టల్. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అందులో జట్టుకు స్వర్ణం, తనకు రజతం. ర్యాపిడ్ దశలో లక్ష్యం మూడు సెకన్లే కనిపిస్తుంది, ఆలోపు చెయ్యి ఎత్తి ఒక్క తూటా కాల్చాలి. వాడేది .22. దాన్ని ఇంట్లో నింపడం లైసెన్సున్నా కుదిరే పని కాదు. నిప్పు పుట్టించే పదార్థం ఇత్తడి అంచులోనే దాగి ఉంటుంది. పిన్ను కొట్టిన అంచు నలిగిపోతుంది, ఒకసారి పేలితే దాని పని అయిపోయినట్టే. అందుకని పెద్ద షూటర్లు తూటాను నింపరు, ఎంచుకుంటారు. ఇంగ్లండు కంపెనీ ఎలీ, ఫిన్లాండు కంపెనీ లాపువా ఒకే రకం తూటాను విడివిడి లాట్లుగా చేసి నంబర్లు వేస్తాయి. తుపాకీని బిగింపులో పెట్టి ఒక్కో లాట్ నుంచి కొన్ని పేలుస్తారు. ఏ లాట్ చిల్లులు అతి దగ్గరగా పడితే ఆ నంబరు పెట్టెలే ఏడాదికి సరిపడా కొనుక్కుని వెళతారు.