ఎన్ని దరఖాస్తులు పెట్టినా ఫోన్ రావడం లేదా? ఆన్‌లైన్‌లో ఉద్యోగం వెతికే వారు సరిచూసుకోవాల్సినవి ఇవీ

డిగ్రీ చేతికొచ్చింది. ఫోన్‌లో మూడు నాలుగు జాబ్ యాప్‌లు ఉన్నాయి. కనిపించిన ప్రతి ప్రకటన కిందా 'అప్లై' నొక్కుతున్నారు. నెలలు గడిచినా ఒక్క కాల్ లేదు. చోడవరం చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఇది తెలిసిన సంగతే. 'ఇంకా ఎన్నాళ్లు' అని ఇంట్లో అడుగుతుంటారు. సరిగ్గా అప్పుడే 'అయిదు వేలు కడితే ఉద్యోగం ఖాయం' అంటూ వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. అటు మొగ్గే ముందు మీ దరఖాస్తు ఎక్కడ ఆగిపోతోందో ఒకసారి చూసుకోండి.

మీ దరఖాస్తును ముందు చూసేది ఎవరు?

చాలా పెద్ద కంపెనీల్లో రెజ్యూమెలు మొదట మనిషి చేతికి వెళ్లవు. ఒక సాఫ్ట్‌వేర్‌లో చేరతాయి. హెచ్‌ఆర్ ఉద్యోగి అందులో 'కెమిస్ట్రీ', 'క్వాలిటీ కంట్రోల్', 'అనకాపల్లి' వంటి మాటలు కొట్టి వెతుకుతారు. ఆ మాటలు ఉన్న రెజ్యూమెలే తెరపైకి వస్తాయి. జాబ్ పోర్టళ్లలోనూ ఇంతే. మీకు పని వచ్చినా ఆ మాట రెజ్యూమెలో లేకపోతే మీరు వారికి కనిపించరు.

అందుకే అన్ని ఉద్యోగాలకూ ఒకే రెజ్యూమె పంపకండి. ప్రకటనను రెండుసార్లు చదవండి. అందులో అడిగిన పనుల్లో మీకు నిజంగా వచ్చినవి ఏవో గుర్తించి, అవే మాటలతో రాయండి. పరవాడ ఫార్మా సిటీలోని కంపెనీకి పంపుతున్న బీఎస్సీ కెమిస్ట్రీ విద్యార్థి 'ల్యాబ్ పని తెలుసు' అంటే చాలదు. టైట్రేషన్ చేశారా, హెచ్‌పీఎల్‌సీ యంత్రంపై శిక్షణ పొందారా అన్నది రాయాలి. బీకాం వారైతే 'కంప్యూటర్ వచ్చు' అనే బదులు 'ట్యాలీలో ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నుల తయారీ' అని రాయాలి. రానిది మాత్రం రాయొద్దు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే దానిపై పడొచ్చు.

పది సెకన్ల పరీక్ష

మీ రెజ్యూమె పీడీఎఫ్ తెరిచి, అందులోని ఒక వాక్యంపై వేలు నొక్కి పట్టండి. అక్షరాలు ఎంపిక అయితే ఫర్వాలేదు. కాకపోతే అది ఫొటో తీసి పీడీఎఫ్‌గా మార్చిన కాగితం. చాలా సాఫ్ట్‌వేర్‌లు దాన్ని సరిగా చదవలేవు. కంప్యూటర్‌లో టైప్ చేయించి, నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేయించండి. రంగుల పెట్టెలు, రెండు వరుసల డిజైన్లు అక్కర్లేదు. కొత్తగా చదువు ముగించిన వారికి ఒక పేజీ చాలు. ఫైల్‌కు 'రెజ్యూమె ఫైనల్ 2' అని కాకుండా మీ పేరు, ఉద్యోగం పేరు పెట్టండి.

పేరు, జిల్లా దగ్గర తికమక

మన పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఆధార్‌లో కొందరికి ఇనిషియల్ మాత్రమే ఉంటుంది. ఆన్‌లైన్ ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని విడిగా అడుగుతారు. ఒక్కో చోట ఒక్కో రకంగా నింపితే చేరే సమయంలో, పీఎఫ్ ఖాతా తెరిచేటప్పుడు ఇబ్బంది తప్పదు. పదో తరగతి సర్టిఫికెట్‌లోని స్పెల్లింగ్‌నే అన్ని చోట్లా వాడండి. ఆధార్‌లో తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి.

చోడవరం 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. అంతకుముందు తీసుకున్న సర్టిఫికెట్లలో విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. చిరునామాలో ప్రస్తుత జిల్లా రాయండి. పోర్టల్ జాబితాలో అనకాపల్లి లేకపోతే విశాఖపట్నం ఎంచుకుని, ఊరి పేరు, పిన్‌కోడ్ సరిగా ఇవ్వండి. 'ఎక్కడ పనిచేయగలరు' అన్న గడిని ఖాళీగా వదలొద్దు. చాలామంది హెచ్‌ఆర్‌లు ఊరి పేరుతోనే వడపోస్తారు. అచ్యుతాపురం, పరవాడ, అనకాపల్లి, విశాఖపట్నం... వెళ్లగలిగిన ప్రతి ఊరూ చేర్చండి.

ఫోన్, మెయిల్ మీవేనా?

నెట్ సెంటర్‌లో దరఖాస్తు చేయించే వారు ఇది తప్పక చూసుకోవాలి. తొందరలో సెంటర్ వారి మెయిల్, వారి నంబర్ ఇచ్చేస్తే ఇంటర్వ్యూ పిలుపు వారికే వెళుతుంది, మీకు తెలియదు. సొంత మెయిల్ తెరవండి. అది మీ పేరుతో ఉండాలి. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. నంబర్ మారిస్తే అన్ని పోర్టళ్లలోనూ మార్చండి. రోజుకోసారి మెయిల్‌లోని స్పామ్ కూడా చూడండి.

ఖర్చు లేని ప్రభుత్వ దారులు

కేంద్ర కార్మిక శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రైవేటు ఖాళీలు, జాబ్ మేళాల వివరాలు అందులో ఉంటాయి. సందేహాలకు 1514 నంబర్‌కు ఫోన్ చేయవచ్చు.

రాష్ట్ర ఉపాధి కల్పన శాఖ వెబ్‌సైట్‌లో ఉపాధి కార్యాలయ నమోదు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. కార్డుపై ఉన్న గడువు తేదీని రాసిపెట్టుకుని, దాటకముందే రెన్యువల్ చేయించండి. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ శిక్షణలు, జాబ్ మేళాలు నిర్వహిస్తుంది. మేళాలో హెచ్‌ఆర్ మీ ఎదుటే ఉంటారు కాబట్టి, ఆన్‌లైన్‌లో కనిపించని వారికి ఇది మంచి అవకాశం.

అనుభవం లేదన్న కారణంతో ఆగిపోతుంటే అప్రెంటిస్‌షిప్ చూడండి. డిగ్రీ, డిప్లొమా వారికి 'నాట్స్' పోర్టల్, ఐటీఐ వారికి అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్ ఉన్నాయి. శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తారు. విశాఖ ఉక్కు కర్మాగారం వంటి ప్రభుత్వ రంగ సంస్థలూ అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. ఇది శాశ్వత ఉద్యోగానికి హామీ కాదు. కానీ రెజ్యూమెలో 'అనుభవం' అన్న చోట రాయడానికి ఒక నిజమైన మాట దొరుకుతుంది.

అప్లై నొక్కాక

ఒక నోట్‌బుక్‌లో కంపెనీ పేరు, ఉద్యోగం, తేదీ, పంపిన రెజ్యూమె రాసుకోండి. ఫోన్ వచ్చినప్పుడు 'ఏ కంపెనీ అండీ?' అని అడగాల్సిన పరిస్థితి రాదు. ప్రకటన పడిన ఒకటి రెండు రోజుల్లోనే దరఖాస్తు పంపడం మేలు. ప్రొఫైల్‌ను వారానికోసారి తెరిచి, కొత్తగా నేర్చుకున్నది చేర్చండి. చురుగ్గా ఉన్న ప్రొఫైళ్లను హెచ్‌ఆర్‌లు ముందు చూసే వీలు చాలా పోర్టళ్లలో ఉంది. ఆ కంపెనీలో మీ కాలేజీ సీనియర్ ఉంటే మొహమాటపడకుండా ఒక మాట అడగండి. ఉద్యోగుల సిఫారసుతో వచ్చిన రెజ్యూమెలను చాలా కంపెనీలు విడిగా చూస్తాయి.

డబ్బు అడిగితే ఆగండి

రిజిస్ట్రేషన్, యూనిఫాం, ల్యాప్‌టాప్ డిపాజిట్... పేరు ఏదైనా, చేర్చుకునే ముందు డబ్బు అడిగితే అనుమానించండి. ఇంటర్వ్యూ లేకుండా వచ్చిన ఆఫర్ లెటర్‌ను నమ్మకండి. కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో ఆ ఖాళీ ఉందో లేదో చూడండి. ఆధార్ ఓటీపీ, బ్యాంకు ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

విదేశీ ఉద్యోగమైతే మరింత జాగ్రత్త. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన ప్రాంత యువకులను కంబోడియాకు పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయిస్తున్న ముఠా వ్యవహారాన్ని విశాఖపట్నం పోలీసులు 2024 మేలో బయటపెట్టారు. ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా రూ.30 వేలు, దానిపై జీఎస్టీకి మించి వసూలు చేయకూడదు. టూరిస్టు వీసాపై ఉద్యోగానికి పంపుతామంటే వెళ్లకండి.

ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఇంట్లో ఏమంటారోనని దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఈ రాత్రి కొత్తగా ఎక్కడా 'అప్లై' నొక్కకండి. ముందు రెజ్యూమె పీడీఎఫ్ తెరిచి వేలు పెట్టి చూడండి. ఫోన్ నంబర్ మీదేనా, ఊళ్ల పేర్లు ఉన్నాయా సరిచూడండి. రేపు అయిదు ఉద్యోగాలకు, ప్రకటన చదివి మరీ పంపండి. చదవకుండా నొక్కిన యాభై దరఖాస్తుల కన్నా అవే మేలు.