వెండి మొన కింద

2015 నవంబరు చివర. కటవారియా సరాయ్‌లో మూడో అంతస్తు గది. నెట్ పరీక్షకి ఫిజిక్స్ చదువుతున్న తెలుగువాళ్లం ఇద్దరం. అన్న రజాయి భుజాల మీదికి లాక్కుని ప్రింటవుట్ నా ముందు పడేశాడు.

"వెండి సూపర్‌కండక్టర్ కాదు. కాడ్మియం ఆర్సెనైడూ కాదు. రెండూ తాకిన చోట మాత్రం సూపర్‌కండక్టివిటీ 6 కెల్విన్ల పైనే మొదలైపోతోంది."

"నిజమేనా అన్నా?"

మొహాలీ ఐసర్‌లో గౌతమ్ షీట్ బృందం చేసిన పని. పేపర్ మీది పేర్లలో ఐఐటీ ఢిల్లీ కెమిస్ట్రీ వాళ్లూ ఉన్నారు. మా గల్లీ దాటి రోడ్డెక్కితే ఐఐటీ గోడే!

అన్న పెన్సిల్ ములికిని వెండి మొనలా నోట్‌బుక్ అట్టకు ఆనించాడు. తాకే చోటు ఎంత చిన్నగా ఉండాలంటే, ఎలక్ట్రాన్ దేన్నీ గుద్దుకోకుండా దాటెయ్యాలి. అవతల సూపర్‌కండక్టర్‌లో ఎలక్ట్రాన్లు జంటకట్టి ఉంటాయి. తక్కువ ఎనర్జీతో ఒంటరిగా వచ్చినదానికి అక్కడ చోటు లేదు; చోటు లేని ఆ ఎనర్జీ మేరే గ్యాప్. అది ఇంకోదాన్ని తోడు తీసుకుని జంటగా లోపలికి పోతుంది. ఆ తోడు వదిలిన ఖాళీ, అంటే హోల్, వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది. కండక్టెన్స్ రెట్టింపు దాకా పెరుగుతుంది. 1964లో ఆండ్రేయెవ్ చెప్పింది ఇదే. మధ్యలో సన్నటి ఆక్సైడ్ పొర అడ్డుంటే ఎలక్ట్రాన్ టన్నెలింగ్ చేయాలి, గ్యాప్ లోపల కరెంటు దాదాపు ఆగిపోతుంది. గియావర్ 1960లో అల్యూమినియం, సీసం పట్టీలతో అది చూపించాడు. 1982లో బ్లాండర్, టింకమ్, క్లాప్విక్ రెంటినీ ఒకే లెక్కలోకి తెచ్చారు.

అయితే మొన చెప్పేదంతా నమ్మకూడదు. కాంటాక్ట్ పెద్దదైతే, కరెంటు హద్దు దాటగానే గ్రాఫులో గుంటలు పడతాయి. కొత్త రకం సూపర్‌కండక్టరేమో అనిపిస్తాయి. టీఐఎఫ్ఆర్ నుంచి 2004లో ఆ మాయను విప్పి చెప్పినవాళ్లలో ఈ గౌతమ్ షీటే ఉన్నారు. పేపర్ మీద నాకు గురి కుదిరింది అందుకే.

అన్న అదే అట్ట మీద లెక్క కట్టాడు. మామూలు సూపర్‌కండక్టర్ల పాత సిద్ధాంతం ప్రకారం 6 కెల్విన్లకు గ్యాప్ ఒక మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్ట్ కూడా ఉండదు. ఈ పేపర్‌లో కొలిచింది 6.5. పైగా 13 కెల్విన్ల దాకా అది చెరిగిపోలేదు.

అన్న అంకె కింద రెండు గీతలు గీశాడు. ములికి పుటుక్కున విరిగింది.

"ఇంకొకటి చెక్కరా, మళ్లీ వేద్దాం" అన్నాడు.