మూత్రంలో తెల్లకణాలు: గాజు బుడ్డి నుంచి స్ట్రిప్ దాకా

మనోళ్లు యూరిన్ రిపోర్టు చూసి ఎక్కువగా భయపడే మాట "పస్ సెల్స్". అంటే చీము కణాలు. అవి మన రక్తంలోని తెల్లకణాలే. ఒంట్లోకి క్రిములు వస్తే కొట్లాడేది ఇవే. వీటిని కంటితో చూడడానికి మనిషికి చాలా కాలం పట్టింది.

పాతకాలంలో వైద్యుడికి మూత్రమే రిపోర్టు. తీపి మూత్రం జబ్బుకు మన ఆయుర్వేదం మధుమేహం అని పేరు పెట్టింది. ఐరోపాలో మూత్రాన్ని గాజు బుడ్డిలో పోసి, వెలుతురుకు పట్టి, రంగును బట్టి జబ్బు చెప్పేవాళ్లు. సగం అందాజే. 1827లో లండన్ డాక్టర్ రిచర్డ్ బ్రైట్, వేడి చేస్తే గడ్డకట్టే మూత్రానికి, కిడ్నీ జబ్బుకు ఉన్న సంబంధం రాసిండు. 1830ల్లో పారిస్‌లో పియెర్ రేయే, ఆయన దగ్గర పనిచేసిన విగ్లా మూత్రం అడుగున పేరుకున్నదాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసిండ్రు. కణాలు కళ్లకు కనబడ్డయి.

ఇప్పటికీ ల్యాబుల పద్ధతి అదే. మూత్రాన్ని మిషన్‌లో గిరగిరా తిప్పి, అడుగున దిగినదాన్ని చూస్తరు. కొన్ని కణాలు ఉండడం మామూలే. మైక్రోస్కోప్‌లో ఒకసారి కనబడే చోట ఐదు దాటితే ఎక్కువ అని చాలా ల్యాబులు లెక్కేస్తయి.

ఇక స్ట్రిప్ సంగతి. 1956లో అమెరికాలో హెలెన్ ఫ్రీ, ఆల్‌ఫ్రెడ్ ఫ్రీ దంపతులు ముంచి చూసే షుగర్ స్ట్రిప్ తెచ్చిండ్రు. తెల్లకణాల స్ట్రిప్ 1980 ప్రాంతంలో వచ్చింది. ఆ కణాల్లోని ఒక ఎంజైము తగిలితే రెండు నిమిషాల్లో గడి ఊదా రంగుకు తిరుగుతది.

అయితే ఇది సైటులో ఫైర్ అలారం లాంటిది. మోగుతది గానీ మంట ఎక్కడో చెప్పదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, రాయి కావచ్చు, లైంగికంగా అంటిన జబ్బు కావచ్చు, కిడ్నీ టీబీ కూడా కావచ్చు. ఏ క్రిమో, ఏ మందుకు చస్తదో తేల్చేది కల్చర్ టెస్టు. దానికి రెండు మూడు రోజులు పడుతది. టీబీ అయితే మామూలు కల్చర్‌లో దొరకదు, వేరే టెస్టు కావాలె.

అందుకే శాంపిల్ ఇచ్చే ముందు రూమ్‌మేట్ దగ్గర మిగిలిన యాంటీబయాటిక్ మింగొద్దు. క్రిమి పూర్తిగా చావదు, కల్చర్‌లో మాత్రం దొరకకుండా పోతది. మొదటి ధార వదిలేసి, నడిమి ధార పట్టియ్యండి. మూత్రంలో మంటతో పాటు చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే సెలవు రోజు దాకా ఆగొద్దు. ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోవాలె.