ఐర్లండు అవ్వల కథలు – బొమ్మల పుస్తకాలు

1919లో మదనపల్లెలో రవీంద్రుని ‘జనగణమన’కు స్వరాలు రాసిపెట్టడంలో తోడ్పడిన మార్గరెట్ కజిన్స్ గారు మీకు గుర్తుండే ఉంటారు. ఆవిడ ఐర్లండు ఆడపడుచు. ఆ దేశపు సంస్కృతిని పసిపిల్లలకు చెప్పే బొమ్మల పుస్తకాలు చాలానే ఉన్నాయి. ఆ బొమ్మల వెనక పెద్ద చరిత్రే ఉందండీ.

ఐర్లండు వారికి ఐరిష్ అనే సొంత భాష ఉంది. అయితే 1831 నుంచి వచ్చిన సర్కారు బడుల్లో చదువు ఇంగ్లీషులో సాగింది. ఆపైన 1845లో బంగాళాదుంప పైరుకు తెగులు పట్టుకుంది. బీదలకు అదే అన్నం, అదే కూర. ఆ కరువులో సుమారు 10 లక్షల మంది కన్నుమూశారు. ఇంచుమించు అంతమందీ ఓడలెక్కి పరదేశాల పాలయ్యారు. ఐరిష్ మాట్లాడే పల్లెలే ఎక్కువ పాడయ్యాయి. చెప్పేవాళ్ళు పోతే కథలు మాత్రం ఎక్కడ మిగులుతాయి?

స్వతంత్రం వచ్చాక ఆ ప్రభుత్వం 1935లో జానపద సంఘాన్ని పెట్టింది. 1937–39 మధ్య ఆ సంఘం బడిపిల్లలకు ఒక పని అప్పగించింది. వ్యాసాలు రాయడం మాని, ఇంట్లో అవ్వాతాతల్ని అడిగి కథలు, సామెతలు, ఆటలు, చిట్కావైద్యాలు రాసుకురమ్మంది. సుమారు 5,000 బడుల నుంచి 50,000 మంది పిల్లలు రాసుకొచ్చారు. ఆ పుటలు నేటికీ డబ్లిన్‌లో భద్రంగా ఉన్నాయి. పెద్ద పండితులకు దీటైన పని పిల్లలు చేశారన్నమాట!

ఇలా నోటిమాటగా నిలిచిన కథల్లో ఫిన్ మెకూల్ కథ ఒకటి. తల్లివైపు ఐరిష్ మూలాలున్న అమెరికా చిత్రకారుడు టామీ డిపావోలా 1981లో దాన్ని బొమ్మల పుస్తకం చేశాడు. ఫిన్ మహాకాయుడే గాని, తనకంటే బలవంతుడు కొట్టడానికి వస్తున్నాడంటే వణికిపోయాడు. భార్య ఊనా అతనికి పసివాడి వేషం వేసి ఊయలలో పడుకోబెట్టింది. రొట్టెల్లో ఇనప పెనాలు దాచి కాల్చింది. వచ్చినవాడు కొరికేసరికి పళ్ళు ఊడాయి. ఊయలలోని ‘పసివాడు’ మాత్రం మామూలు రొట్టె హాయిగా నమిలేశాడు. బిడ్డే ఇలా ఉంటే తండ్రి ఎలా ఉంటాడోనని వాడు హడలిపోయాడు. చూశారా ఇల్లాలి తెలివి!

ఇలాంటి పుస్తకం దొరికితే గడగడా చదివేయకండి. బొమ్మ చూపించి, ‘ఇప్పుడేం జరుగుతుందిరా?’ అని అడగండి. ఉత్తర ఐర్లండు సముద్రపుటొడ్డున సుమారు 40,000 రాతిస్తంభాలున్నాయనీ, అది ఫిన్ వేసిన బాటేనని అక్కడివారు చెప్పుకుంటారనీ చెప్పండి. ఆకుపచ్చ టోపీల మరుగుజ్జులు తప్ప మరేమీ లేని పుస్తకాలతో సరిపెట్టకండి. ఒక దేశమంటే పండగవేషం ఒక్కటే కాదు కదా!

ఆ తరువాత పిల్లల చేతికో నోటుపుస్తకమిచ్చి అమ్మమ్మ దగ్గరకో, నాయనమ్మ దగ్గరకో పంపండి. ఐర్లండు పిల్లలు నేర్పిన పాఠం అదే: అడిగేవాళ్ళుంటేనే కథ బతుకుతుంది.