అత్తింట్లో ఉండే హక్కు

1983లో శిక్షాస్మృతిలో 498ఎ సెక్షన్ చేరింది. భార్యను హింసించే భర్తకూ, అతని బంధువులకూ మూడేళ్ల దాకా జైలు అంది. కానీ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి బయటికొచ్చిన మనిషి ఆ రాత్రి ఎక్కడ తల దాచుకోవాలో చెప్పలేదు. కేసు పెడితే కాపురం పోతుందని పెద్దలు అనేది ఉత్త బెదిరింపు కాదు, చాలామందికి జరిగేది అదే. 2005 నాటి గృహహింస చట్టం పట్టుకున్నది సరిగ్గా ఈ ఖాళీనే. ఇల్లు తన పేర లేకపోయినా అందులో ఉండే హక్కు 17వ సెక్షన్ ఆమెకిచ్చింది. 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు భర్తనే బయటికి నడవమనొచ్చు. అందుకే ఈ చట్టాన్ని ఎందరికి శిక్ష పడిందన్న లెక్కతో కాక, ఎందరికి గడప దక్కిందన్న లెక్కతో చూడాలి.

అలా చూస్తే మొదటి దెబ్బ కోర్టు నుంచే తగిలింది. చట్టం అమల్లోకి వచ్చింది 2006 అక్టోబరు 26న. రెండు నెలలు తిరక్కుండానే, డిసెంబరు 15న, అత్తగారి పేర ఉన్న ఇంటి మీద కోడలికి ఈ హక్కు లేదని సుప్రీంకోర్టు తేల్చింది. భర్త సొంతమో, అతను అద్దెకు తీసుకున్నదో, ఉమ్మడి ఆస్తో అయితేనే అడగాలట. మన ఇళ్లలో కాగితాలు ఎవరి పేర ఉంటాయో తెలిసినవారికి దీని అర్థం విడమర్చనక్కర్లేదు. 2020 అక్టోబరు 15న అదే కోర్టు ఆ తీర్పు తప్పని కొట్టేసేసరికి దాదాపు పద్నాలుగేళ్లు గడిచాయి.

కష్టపడి కట్టుకున్న ఇంట్లో ముసలి అత్తమామలకు ప్రశాంతత వద్దా అంటారు. వద్దనడం లేదు. ఈ హక్కు ఉండడానికే తప్ప సొంతం చేసుకోవడానికి కాదు. వేరే ఇల్లు చూపించమనో, అద్దె కట్టమనో భర్తను ఆదేశించే వీలూ ఆ 19వ సెక్షన్లోనే ఉంది. దుర్వినియోగం వాదన ఇక్కడ ఇంకా పలచన: ఉండనివ్వమన్న ఉత్తర్వుతో ఎవరూ జైలుకెళ్లరు, 31వ సెక్షన్ కింద శిక్ష హింస ఆపమనే రక్షణ ఉత్తర్వును మీరితేనే.

అసలు లోటు చట్టాన్ని అమలు చేసే మనుషుల్లో ఉంది. బాధితురాలి తరఫున నివేదిక రాసి, దరఖాస్తు కోర్టుకు చేర్చాల్సింది రక్షణాధికారి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పనిని అప్పటికే అంగన్‌వాడీల భారం మోస్తున్న ఐసీడీఎస్ ప్రాజెక్టు డైరెక్టర్లకు అప్పగించారు. అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలన్న గృహహింస కేసులు ఏళ్లకేళ్లు నడవడానికి వాయిదాల జబ్బు ఒక్కటే కారణం కాదు. జిల్లా, తాలూకా స్థాయిల్లో రక్షణాధికారులను నియమించండని రాష్ట్రాలకు సుప్రీంకోర్టు గడువు పెట్టి మరీ చెప్పింది 2025 మే నెలలో.