కృత్యాధార శిశువిద్య

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు లెక్కలు, విజ్ఞానం, అక్షరాలను వస్తువులతో, ఆటలతో నేర్పే పద్ధతి. మాంటిస్సోరి 1907లో రోమ్‌లోనూ, గిజుభాయి బధేకా 1920లో భావనగర్ బాలమందిరంలోనూ దీనికి రూపమిచ్చారు. విజయనగరం జిల్లా గరివిడి వంటి చోట్ల ఇది ప్రధానంగా అంగన్‌వాడీల పని. అవి 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకంలో భాగం.

లెక్కలకు చింతపిక్కలను మించిన సరంజామా లేదు. ఇరవై దాకా గడగడా వల్లించే పిల్ల కూడా, అయిదు పిక్కలను కాస్త ఎడంగా జరిపితే "ఎక్కువైపోనాయి" అంటుంది. ఆ భ్రమ బట్టీతో పోదు. రెండు వరుసలు పేర్చి, పిక్కకు పిక్క జత చేసుకుంటూ పోతే క్రమంగా వీడుతుంది. వామనగుంటల ఆటలో జరిగేదీ ఇలాంటి సాధనే. అయితే పిక్కలు నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా పెద్దవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి.

విజ్ఞానానికి బకెట్టు నీళ్లు చాలు: కొబ్బరిచిప్ప తేలుతుంది, గోళీ మునుగుతుంది, వేసేముందే ఏమవుతుందో పిల్లల చేత చెప్పించాలి. గరివిడి మాంగనీసుకు పేరుపడ్డ ఊరు. బరువులు పోల్చడానికి ఆ నల్లరాయి బాగానే ఉంటుందనిపిస్తుంది గానీ, దాని ధూళి నాడీమండలానికి హాని, గులకరాళ్లే మేలు.

ఇసుకలో అక్షరాలు దిద్దించడం వీధిబడుల నాటిదే. దానికి ముందు బంకమట్టి పిసకడం, పూసలు గుచ్చడం వేళ్లకు పట్టునిస్తాయి. 2020 జాతీయ విద్యావిధానం 3–8 ఏళ్లను పునాది దశగా గుర్తించింది. అయినా మూడేళ్లకే పలక నింపాలనే తల్లిదండ్రుల తొందర తగ్గలేదు.