మేళగాళ్ళు – వాద్యాల కొట్లు: రెండేళ్ళ మహమ్మారి చరిత్ర

సంగీతాన్ని గురించి రాసినప్పుడు మన విమర్శకులు రాగాన్ని గురించి రాశారు, భావాన్ని గురించి రాశారు, వాగ్గేయకారుల భక్తిని గురించి గ్రంథాలకు గ్రంథాలే రాశారు. వాద్యాన్ని ఎవరు చేశారు, ఎవరు అమ్మారు, ఎవరు అప్పుమీద ఇచ్చారు, చిరిగిపోతే ఎవరు బాగుచేశారు అన్న ప్రశ్నలు మాత్రం విమర్శ పరిధిలోకి రాలేదు. కళను ఆకాశంలోంచి ఊడిపడ్డ వస్తువుగా చూసే భావవాద దృష్టి దీనికి కారణమని వేరే చెప్పనక్కరలేదు. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ మహమ్మారి కృష్ణా డెల్టాలోని వాద్యకారుల మీద, చిన్న చిన్న వాద్యాల కొట్ల మీద విరుచుకుపడినప్పుడు ఆ ప్రశ్నలన్నీ ఒక్కసారిగా పైకి వచ్చాయి. వాటిని సాహిత్య విద్యార్థుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను కంకిపాడులో ఉపాధ్యాయుణ్ణి. విజయవాడ నుంచి బందరు పోయే రోడ్డుమీద ఉన్న ఈ ఊరి పేరు సంగీత చరిత్రల్లో కనబడదు. కాని చుట్టూ చూడండి. దక్షిణంగా పోతే క్షేత్రయ్య పేరుతో ముడిపడిన మొవ్వ, దాని దగ్గరలోనే కూచిపూడి. ఎగువన వీణలకు పేరుపడ్డ నూజివీడు. పడమటి దిక్కున, 1948 డిసెంబరు 1న రేడియో కేంద్రం వెలసిన విజయవాడ. బందరు వైపు పోతే ఉయ్యూరు. అక్కడ మాఘమాసంలో పదిహేను రోజులపాటు వీరమ్మ తల్లి తిరునాళ్ళు. ఈ నడిమి పల్లెల్లో పెళ్ళికి సన్నాయి, డోలు కావాలి. ఊరేగింపుకు బ్యాండు కావాలి. శ్రీరామనవమి పందిట్లో పద్యనాటకానికి హార్మోనియం, తబలా, చర్చిలో ఆదివారం కీబోర్డు, డోలక్, చావుకు డప్పు.

వాద్యాన్ని కులాన్ని బట్టి, గౌరవాన్ని వాద్యాన్ని బట్టి పంచిపెట్టిన సమాజం మనది. డప్పు మాదిగలది. సన్నాయి మేళం నాయీ బ్రాహ్మణులది. గుంటూరు, ప్రకాశం వైపు ముస్లిం కుటుంబాలది కూడా. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) ఆ సంప్రదాయం వారే. అదే సంప్రదాయంలోని షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. సంతోషించవలసిన విషయమే. సరిగ్గా ఆ సంవత్సరంలోనే ఆ వాద్యాన్ని వాయించే వందలాది చేతులు వేరే పని వెతుక్కుంటున్నాయి.

మేళగాడి సంవత్సరం మాఘంలో మొదలై జ్యేష్ఠంతో ముగుస్తుంది. ఈ నాలుగైదు నెలల సంపాదనతోనే ఆషాఢం, భాద్రపదం, పుష్యం గడవాలి. అందుకని పంట చేతికొచ్చే దాకా రైతు అప్పుమీద బతికినట్టే ఇతడూ బతుకుతాడు. సీజనుకు ముందు విజయవాడ వెళ్ళి డోలుకు కొత్త మూత వేయించుకుంటాడు, వార్లు బిగించుకుంటాడు, సన్నాయికి నాలుగు పీకలు కొనుక్కుంటాడు. డబ్బు తర్వాత. కొట్టు యజమాని ఖాతా పుస్తకంలో రాసుకుంటాడు. నవమి వెళ్ళాక, పెళ్ళిళ్ళ బయానాలు చేతికొచ్చాక లెక్క చూసుకుంటారు. ఈ అరువు గొలుసును అర్థం చేసుకోకుండా మహమ్మారి ఏం చేసిందో అర్థం చేసుకోలేం.

కొట్టు అన్నాను గాని, దాని స్వరూపం కూడా చెప్పాలి. ముందు గోడకు గిటార్లు వేలాడుతూ ఉంటాయి; అవి కాలేజీ కుర్రాళ్ళకోసం. అసలు కొట్టు వెనక గదిలో ఉంటుంది. అక్కడ ఒక ముసలాయన చాపమీద కూచుని హార్మోనియం పెట్టెను విప్పి రీళ్ళు సవరిస్తుంటాడు, లేదా తబలా మూతకు కరణ పెడుతుంటాడు. అమ్మకంలో వచ్చే లాభం కంటె మరమ్మతులో వచ్చే కూలే ఇలాంటి కొట్లను ఎక్కువగా నిలబెట్టింది. హార్మోనియం రీళ్ళకు గుజరాత్‌లోని పాలిటానా ప్రసిద్ధి. సన్నాయి పీకలు తమిళదేశంలో కావేరి ఒడ్డునుంచి వస్తాయి. వీణకు, మృదంగానికి పనసకర్ర కావాలి. ఊరి సంగీతమంటే ఊళ్ళోనే పుట్టి ఊళ్ళోనే పెరిగేదని మనం అనుకుంటాం గాని, ఒక్క నవమి నాటకం వెనక ఇన్ని ప్రాంతాల శ్రమ ఉంది. (ఇంత శ్రమతో తయారయ్యే హార్మోనియాన్ని శ్రుతిశుద్ధి లేదన్న పేరుతో ఆకాశవాణి 1940లో వెలివేసింది, ఆ తలుపు కొద్దిగా తెరుచుకోడానికి 1971 దాకా పట్టింది. అంతకాలమూ ఆ పెట్టెను బతికించింది పల్లెటూరి నాటకమే.)

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. 24 రాత్రి 8 గంటలకు ప్రధాని ప్రకటన, అర్ధరాత్రి నుంచి అమలు. తెల్లవారితే శార్వరి నామ సంవత్సర ఉగాది. ఏప్రిల్ 2న శ్రీరామనవమి, 10న గుడ్ ఫ్రైడే, 12న ఈస్టరు. ఆ పైన వైశాఖం పెళ్ళిళ్ళు. పంచాంగం తెలిసిన శత్రువెవడో లెక్కవేసి కొట్టినట్టుగా, అరువు తీర్చే కాలంలోనే తలుపులు మూతబడ్డాయి. ఇచ్చిన బయానాలు కొందరు తిరిగి అడిగారు. అడగనివారికి కూడా మేళగాడు మొహం చాటేసుకోవలసి వచ్చింది. మే నెలలో పెళ్ళికి 50 మంది, అంత్యక్రియలకు 20 మంది అన్న నిబంధన వచ్చింది. యాభై మందిలో బంధువులకే చోటు చాలనప్పుడు మేళానికి చోటెక్కడిది? ఇరవై మందిలో డప్పుకు అసలే లేదు. కోవిడ్‌తో పోయినవారి శవాలను చప్పుడు లేకుండా తీసుకుపోయారు. చావుకు డప్పు కొట్టడాన్ని ఒక అవమానంగా మోస్తూ వచ్చిన మనుషులకు ఆ అవమానపు కూలి కూడా దక్కని రోజులవి. ఈ వైరుధ్యం మీద ఒక మంచి కథ రావాలి.

సెప్టెంబరు 21 నుంచి 100 మంది దాకా సభలకు, ఆరుబయలు రంగస్థలాలకు కేంద్రం అనుమతించింది. సరిగ్గా అప్పుడే అధిక ఆశ్వయుజం నడుస్తున్నది, ముహూర్తాలు లేవు. 2021 తొలినెలలు గురుమౌఢ్యం, శుక్రమౌఢ్యం కింద చాలావరకు కొట్టుకుపోయాయి. మౌఢ్యాలు వదిలి ముహూర్తాలు తిరిగి వచ్చేసరికి రెండో అల వచ్చింది. మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటలనుంచి మర్నాడు ఉదయం 6 దాకా కర్ఫ్యూ. ఉదయం ఆరు గంటలపాటు కొట్టు తీసుకోవచ్చు. కాని మేళం లేని ఊళ్ళో వాద్యాల కొట్టు తీసి ఏం అమ్ముతారు? ముహూర్తాల మీద నాకు నమ్మకం లేదు. నమ్మకం ఉన్న సమాజంలో బతికే శ్రామికుడికి పంచాంగం కూడా ఒక ఆర్థిక శక్తే అన్నది మాత్రం ఆ పద్నాలుగు నెలలు తేటతెల్లం చేశాయి.

కొట్ల సంగతికి వద్దాం. మూసిన కొట్టులో వాద్యం ఊరికే ఉండదు. డెల్టా తేమకు తోలు వదులవుతుంది, ఎలుకలు వార్లు కొరుకుతాయి, హార్మోనియం తిత్తిలో పురుగు చేరుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక మరమ్మతు పనివాడు పెట్టె మూత తెరిచి చూపిస్తూ నాతో అన్నాడు: "వాయించే కొద్దీ బాగుంటుంది మాస్టారూ ఇది. మూసిపెడితే దానికదే చస్తుంది." అద్దె ఆగలేదు. రిజర్వు బ్యాంకు 2020 ఆగస్టు 31 దాకా బ్యాంకు వాయిదాలకు మారటోరియం ఇచ్చింది. ఖాతా పుస్తకంలోని అరువుకు మారటోరియం ఎవరిస్తారు? కొట్టు యజమాని మేళగాణ్ణి అడగలేడు, సరుకు పంపిన టోకు వ్యాపారి యజమానిని అడగక మానడు.

విచిత్రమేమంటే ఇదే కాలంలో ప్రపంచంలో వాద్యాల అమ్మకం పడిపోలేదు. అమెరికాలో ఫెండర్ కంపెనీకి 2020 దాని చరిత్రలోనే అత్యధిక విక్రయాల సంవత్సరం. ఇళ్ళలో చిక్కుకుపోయిన మధ్యతరగతి గిటారు నేర్చుకోవాలనుకుంది, ఆన్‌లైన్లో తెప్పించుకుంది. ఆ దేశంలోనే అతిపెద్ద వాద్యాల దుకాణ సంస్థ అయిన గిటార్ సెంటర్ అదే సంవత్సరం నవంబరులో దివాలా రక్షణ కోరింది. తయారీదారు లాభపడ్డాడు, దుకాణం కూలింది. మన దగ్గరా చిన్న కొలతలో ఇదే జరిగింది. మా బడిపిల్లల్లో కలిగిన ఇళ్ళవారికి కొరియర్‌లో కీబోర్డులు వచ్చాయి. అవి విజయవాడ కొట్ల మీదుగా రాలేదు. కాబట్టి మహమ్మారి సంగీతాన్ని చంపిందనడం సరికాదు. సంగీతానికీ దాన్ని మోసే మనిషికీ మధ్య ఉన్న మార్గాన్ని అది మార్చింది.

ఆదుకునే విషయానికి వస్తే, బ్రిటన్ 2020 జూలైలో సాంస్కృతిక రంగానికి 157 కోట్ల పౌండ్ల నిధి ప్రకటించింది. జర్మనీ వంద కోట్ల యూరోలు కేటాయించింది. అవి ధనికదేశాలు అని తోసిపుచ్చవచ్చు. మన రాష్ట్రంలో బియ్యం ఇచ్చారు, ఏప్రిల్లో కార్డుకు వెయ్యి రూపాయలు ఇచ్చారు, కాదనను. కాని 2020 జూన్ 10న ప్రారంభించిన 'జగనన్న చేదోడు' పథకాన్ని పరిశీలించండి. షాపులున్న నాయీ బ్రాహ్మణులకు, రజకులకు, దర్జీలకు పదేసి వేల రూపాయలు. రెండున్నర లక్షలకు దగ్గరగా లబ్ధిదారులు. మంచిదే. కాని ఇందులో నాయీ బ్రాహ్మణుడు కత్తెర పట్టినవాడుగా కనిపించాడే గాని డోలు పట్టినవాడుగా కనిపించలేదు. మా ప్రాంతపు డోలు విద్వాంసుడొకాయన ఈ మాట ఎంత తేలిగ్గా చెప్పాడో! "నాకు షాపు లేదండీ, డోలే ఉంది." పొగడవలసి వచ్చినప్పుడు 'కళాకారుడు' అంటాం, కూలి ఇవ్వవలసి వచ్చినప్పుడు ఏ పేరూ పెట్టం. 1935లో ఆర్థికమాంద్యపు అమెరికా తన నిరుద్యోగ సంగీతకారులను జీతమిచ్చి పనిలో పెట్టుకుంది. వాయించడం పని అని ఒక ప్రభుత్వం లెక్కల్లో రాసుకున్న సందర్భం అది.

ఈ దెబ్బ మొదటిది కాదు కదా అని అడిగేవారున్నారు. నిజమే. 1932లో టాకీ వచ్చింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో వేషాలు వేసినవారు సురభి నాటకాలవారే. తర్వాత మైకు సెట్టు, క్యాసెట్టు, కీబోర్డు వరసగా వచ్చాయి. ప్రతిదీ కొందరి కూలి పోగొట్టింది. కాని అవి మెల్లగా వచ్చాయి. ఒక తరం నాటకం వదిలి సినిమాకు, సన్నాయి వదిలి శాక్సోఫోన్‌కు మారేందుకు వ్యవధి ఇచ్చాయి. 2020 వ్యవధి ఇవ్వలేదు.

1943ను కూడా గుర్తుచేసుకోవాలి. వంగదేశపు కరువులో కళాకారులు దళాలుగా తిరిగి, పాడి, ఆడి, ఆకలిగొన్నవారికి నిధులు వసూలు చేశారు. ఆ సంవత్సరమే ప్రజానాట్యమండలి పుట్టింది. బుర్రకథ కొత్త ప్రాణం పోసుకుంది. కరువు కడుపును కొట్టింది గాని జనం గుమిగూడడాన్ని ఆపలేదు. అందువల్ల కరువు మీద పాట పుట్టింది, పాడేవాడికి చోటు దొరికింది. అంటువ్యాధి గుమిగూడడాన్నే నేరం చేస్తుంది. 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని 2020లో దుమ్ము దులిపి బయటికి తీశారు. మేళగాడి పనికి ముడిసరుకు తోలూ కర్రా మాత్రమే కాదు, జనం కూడా. పైగా సన్నాయి ఊపిరితో పలికే వాద్యం. మూతికి మాస్కు కట్టుకుని సన్నాయి ఊదలేడు.

ఇక 1918. ఆ సంవత్సరపు ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో 1.2 కోట్ల నుంచి 2 కోట్ల దాకా ప్రాణాలు తీసిందని అంచనాలు. 1921 జనాభా లెక్కల్లో దేశజనాభా పదేళ్ళ కిందటికంటె తగ్గింది. హిందీ కవి నిరాలా ఆ వ్యాధిలో భార్యను, బంధువులను పోగొట్టుకుని, గంగలో శవాలు తేలిన దృశ్యాన్ని 'కుల్లీభాట్' (1939)లో నమోదు చేశాడు. అహ్మద్ అలీ 'ట్వైలైట్ ఇన్ ఢిల్లీ' (1940) నవలలో కూడా ఆ రోజుల ఢిల్లీ ఉంది. తెలుగునాట అది మైలవరం బాలభారతీ సమాజంవంటి నాటక సమాజాల కాలం. మన రంగస్థల చరిత్రలు ఆనాటి నటుల కంఠాన్ని, పద్యానికి పడిన ఒన్స్‌మోర్లను మురిపెంగా చెబుతాయి. ఆ సమాజాల హార్మోనిస్టు 1918 చలికాలాన్ని ఎట్లా వెళ్ళదీశాడో మాత్రం చెప్పవు.

ఈ లోపం 2020 సాహిత్యంలోనూ ఉంది. కరోనా కవితలు కుప్పలుగా వచ్చాయి. ఒంటరితనం, కిటికీ, పిచ్చుకలు, వలసకూలీల పాదాలు. చివరిది మెచ్చదగిందే. 2020 సెప్టెంబరు 25న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పోయినప్పుడు రాని కవిత లేదు, రావడం న్యాయమే. ఆయన పాటలనే ఊరూరా ఆర్కెస్ట్రాల్లో వాయించి పొట్టపోసుకున్న కీబోర్డు కుర్రవాడు, రిథం ప్యాడ్ కుర్రవాడు ఆ రోజుల్లో కూరగాయలు తోపుడుబండి మీద అమ్ముతున్నారన్నది ఏ కవితలోనూ నా కంట పడలేదు. కంకిపాడు సెంటర్లో మాత్రం కనబడింది.

2022 మాఘం నుంచి పెళ్ళిళ్ళు తిరిగి పుంజుకున్నాయి. బ్యాండు వచ్చింది, డప్పు వచ్చింది, నవమి నాటకం కొన్ని ఊళ్ళలో వచ్చింది. సన్నాయి మేళం అన్నిచోట్లా రాలేదు. యాభై మంది పెళ్ళిళ్ళలో సెల్‌ఫోనును స్పీకరుకు తగిలించి మంగళవాద్యం వినిపించడం అలవాటైంది, అది చవక అని తెలిసింది. మా చుట్టుపక్కల ఇద్దరు డోలు వాయించేవారు ఆటోలు కొనుక్కున్నారు. ముహూర్తం ఉన్న రోజున ఆటో ఆపి డోలు తీస్తారు. నేనెరిగిన విజయవాడ కొట్లలో ఒకటి ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతోంది. వెనక గది అలాగే ఉంది. హార్మోనియం ముసలాయన వారానికి రెండు రోజులు వస్తాడు, అరువు ఖాతా మటుకు ఎత్తేశాడు. కొత్త మూత కావాలంటే ముందు డబ్బు పెట్టాలి.